ఆకులు రాలే వేళ అమెరికా ప్రేమకథ

(సాంస్కృతికోత్సవాల సాహిత్య సదస్సులో చదివిన ప్రసంగ పాఠం)



మాకు ముందు మాట్లాడిన పెద్దలు ప్రబంధాల గురించి, పద్యనాటకాల గురించి ముచ్చటించారు. మేము ఎత్తుకున్న విషయం వాటి పంక్తిలో కూర్చోదగినది కాదు. ఏటా సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో, ముఖ్యంగా శనివారం రాత్రుళ్ళు, హాల్‌మార్క్ ఛానెల్‌లో వచ్చే ప్రేమకథా చిత్రాల గురించి నాలుగు మాటలు చెప్పదలచుకున్నాం. "సాహిత్య సదస్సులో టీవీ బొమ్మలేమిటండీ?" అని నిర్వాహకులలో ఒకరు మొహమాటపడుతూనే అడిగారు. ఒక జాతి ఏ ఆదర్శాలను గౌరవిస్తుందో దాని కావ్యాలు చదివితే తెలుస్తుంది. అలసిపోయి సోఫాలో కాళ్ళు చాపుకున్నప్పుడు దానికి ఏం కావాలనిపిస్తుందో మాత్రం ఇటువంటి బొమ్మలే చెబుతాయని వారికి మనవి చేశాం. వారు నవ్వి ఇరవై నిమిషాలిచ్చారు.

మా ఊళ్ళో నాలుగు తెలుగు కుటుంబాల వాళ్ళం ఒక ఆకురాలు కాలమంతా వారానికొక ఇంట్లో చేరి, పాతవీ కొత్తవీ కలిపి ఈ చిత్రాలు చూశాం. మొదట వేళాకోళానికే చూశాం. మూడో వారం నుంచి వేళాకోళం తగ్గింది, వాదనలు పెరిగాయి. ఆ వాదనల సారాంశమే ఈ ప్రసంగం. అందుకే దీనిలో 'నేను' లేదు, 'మేము' ఉంది. ఆ మేములో కూడా ఏకాభిప్రాయం లేదని తరువాత మీకే తెలుస్తుంది.

చూడనివారి కోసం కథ చెబుతాం. ఒక్కటి చెబితే చాలు, మిగతావి మీరే చెప్పేయగలరు. పట్నంలో పెద్ద ఉద్యోగం చేసే అమ్మాయి. చేతిలో కాఫీ, చెవి దగ్గర ఫోను. ఏదో పని మీద పుట్టిన ఊరికో, దారి తప్పి ఎవరి ఊరికో వస్తుంది. ఆ ఊళ్ళో ఒకటే వీధి, ఆ వీధి నిండా మేపుల్ చెట్లు, ప్రతి గుమ్మం ముందూ గుమ్మడికాయలు. గళ్ళచొక్కా తొడుక్కున్న అబ్బాయి ఒకడు కట్టెలు కొడుతూనో, ఆపిల్ పండ్ల బుట్ట మోస్తూనో ఎదురవుతాడు. మొదట చిన్న తగాదా. తరువాత ఊరి పండుగకు ఇద్దరూ కలిసి పని చేయవలసి వస్తుంది. సగం కథలో ముద్దు పెట్టుకోబోతారు. సరిగ్గా అప్పుడే ఎవరో పిలుస్తారు. చివరి పావుగంటలో ఒక అపార్థం. ఆఖరి నిమిషంలో పట్నం ఉద్యోగం వదిలేసి ఆమె ఆ ఊళ్ళోనే ఉండిపోతుంది, అప్పుడు ఆ ముద్దు పూర్తవుతుంది. రెండు గంటల కాలంలో ప్రకటనలు పోగా కథ గంటా ఇరవై అయిదు నిమిషాలకు కాస్త అటూ ఇటూ. దుర్మార్గుడు ఉండడు. తుపాకి పేలదు. ఆసుపత్రి మంచం మీద ఎవరూ దగ్గరు.

పేర్లతో చెప్పమంటే చెబుతాం. 2015లో వచ్చిన 'అక్టోబర్ కిస్'లో భార్య పోయిన తండ్రికి పిల్లలను చూసుకోవడానికి ఒక అమ్మాయి వస్తుంది, హాలోవీన్ వేషాలు కుట్టే లోపల ఇల్లు ఇల్లవుతుంది. 2017లో వచ్చిన 'ఫాలింగ్ ఫర్ వెర్మాంట్'లో పేరుమోసిన రచయిత్రి జ్ఞాపకశక్తి పోగొట్టుకుని వెర్మాంట్‌లో ఒక చిన్న ఊరు చేరుతుంది. తలకు దెబ్బ తగిలి గతం మరిచిపోవడం మన తెలుగు సినిమా సొత్తని ఇన్నాళ్ళూ అనుకున్నాం, కాదట. అదే ఏడు వచ్చిన 'హార్వెస్ట్ లవ్'లో భర్త పోయిన సర్జన్ కొడుకును తీసుకుని తమ కుటుంబానికి చెందిన బేరిపండ్ల తోటకు వస్తుంది. 2020లో వచ్చిన 'స్వీట్ ఆటమ్'లో మేగీ అనే అమ్మాయి స్వస్థలానికి వస్తుంది. చనిపోయిన ఆంటీ తన మిఠాయి వ్యాపారంలో సగం తనకీ, మిగతా సగం మేపుల్ తోట రైతు అయిన డెక్స్ అనే అబ్బాయికీ రాసిపోయిందని ఆమెకు అప్పుడే తెలుస్తుంది.

ఈ చివరి చిత్రం చూసిన రాత్రి మా మధ్య మొదటి వాదన పుట్టింది. ఆంటీ అంటే ఎవరు? పిన్నా, పెద్దమ్మా, మేనత్తా? ఇంగ్లీషులో ఆ వివరం అక్కర్లేదు. మనకు అది తేలకపోతే కథే నడవదు. మేనత్త అయితే, ఆ మిగతా సగం పుచ్చుకున్న అబ్బాయి ఆవిడ కొడుకే అయ్యుంటాడు, అంటే వరసకు బావ, అంటే సినిమా అయిదో నిమిషానికే అయిపోయింది. ఆ అబ్బాయి ఎవరో ఏమిటో, పరాయివాడికి సగం వ్యాపారం ఆవిడ ఎందుకు రాసిందన్న దాని మీద వాళ్ళు గంటంబావు కథ నడిపారు. మేనరికం లేని జాతికి కథలు అల్లడానికి ఎక్కువ శ్రమ పడాలని మాలో ఒకరు తేల్చారు.

ఇంకొక మాట. ఆ మిఠాయి మేపుల్ పాకంతో చేసినది. చిత్రమంతా ఎర్రటి ఆకుల మధ్య ఆ తీపి మాటే. కాని మేపుల్ చెట్టు నీరు దిగేది ఆకులు రాలేటప్పుడు కాదు. ఫిబ్రవరి చివరి నుంచి ఏప్రిల్ దాకా, రాత్రి గడ్డకట్టి పగలు కరిగే రోజుల్లో చెట్టుకు గాటు పెట్టి ఆ నీరు పడతారు. నలభై గ్యాలన్లు కాస్తే ఒక గ్యాలను పాకం వస్తుంది. మన దగ్గర చెరుకు రసం కాచి బెల్లం వండే గానుగ దగ్గర ఒక్క రాత్రి గడిపినవారికి ఆ నలభైకి ఒకటి అన్న లెక్క ఎంత కట్టెల మంటో, ఎంత కళ్ళమంటో తెలుస్తుంది. పండుగ ఒక ఋతువులో, చాకిరీ ఇంకొక ఋతువులో. ఇటువంటి చిత్రాలలో పండుగ మాత్రమే ఉంటుంది.

వీటిని ఎవరు తీస్తారన్నది తెలుసుకోదగిన సంగతే. హాల్‌మార్క్ మొదట శుభాకాంక్షల కార్డుల కంపెనీ. జాయిస్ హాల్ అనే నెబ్రాస్కా కుర్రవాడు 1910లో, పద్దెనిమిదేళ్ళ వయస్సులో, రెండు చెప్పుల పెట్టెల నిండా పోస్టుకార్డులు పట్టుకుని కాన్సస్ సిటీలో రైలు దిగి మొదలుపెట్టిన వ్యాపారం అది. 1951 డిసెంబరు 24న ఆ కంపెనీ వారి సౌజన్యంతో మెనోట్టి రాసిన సంగీత నాటకం ఒకటి ఎన్.బి.సి.లో ప్రసారమైంది, అమెరికా టెలివిజన్ కోసమే రాసిన మొదటి ఆపెరా అది. వారి పేరుతో ఛానెల్ వచ్చింది మాత్రం 2001లో. అంటే వీరి అసలు వృత్తి ఏమిటి? మనసులో ఉన్నది చెప్పుకోలేనివారికి రెండు వాక్యాలు అచ్చువేసి ఇవ్వడం. చిత్రాలు కూడా అటువంటివే. కార్డు మీద కొత్త భావం ఉండాలని ఎవరూ కోరరు. సమయానికి అందితే చాలు. మాకు తోచినంతలో, ఈ చిత్రాలను సినిమాలతో పోల్చి విమర్శించేవారు కార్డును కావ్యంతో పోల్చినట్టే.

ఇక వీటి తయారీ. కథ జరిగేది వెర్మాంట్‌లోనో, ఒహైయోలోనో. చిత్రీకరణ చాలావరకు కెనడాలో, బ్రిటిష్ కొలంబియా రాష్ట్రంలో. అక్కడ పన్ను రాయితీలున్నాయి, కెనడా డాలరు చవక. ఫోర్ట్ లాంగ్లీ అనే ఊరు ఎన్ని అమెరికన్ ఊళ్ళ వేషం కట్టిందో లెక్కలేదు. ఒక్కొక్క చిత్రం రెండు మూడు వారాల్లో ముగించేస్తారు. సెప్టెంబరులో చూపాలంటే వేసవిలో తీయాలి. కనుక నడి ఎండలో ఉన్ని స్వెట్టర్లు తొడిగి, పచ్చటి చెట్ల కింద రంగు ఆకులు తెచ్చి పోస్తారు. నాయిక నుదుటి మీద చెమట అద్దడానికి ఒక మనిషి పక్కనే ఉండాలి. మన సినిమావాళ్ళకు షూటింగు మొదలుపెట్టినప్పుడు కొబ్బరికాయ కొట్టడం, ముగిసినప్పుడు గుమ్మడికాయ కొట్టడం ఆచారం. ఫలానా చిత్రానికి గుమ్మడికాయ కొట్టేశారు అంటే పని అయిపోయిందని అర్థం. ఈ చిత్రాల్లో తెరనిండా గుమ్మడికాయలే, ఒక్కటీ కొట్టరు.

ఇక్కడ భాష గురించి ఒక చిక్కు చెప్పాలి. అమెరికావారి 'ఫాల్' అనే మాటకు తెలుగు ఏమిటి? పంచాంగం ప్రకారం ఆశ్వయుజ, కార్తీకాలు శరదృతువు. మనకు శరత్తంటే తేటపడ్డ ఏటినీరు, తెల్లమబ్బు, రెల్లుపువ్వు, పుచ్చపువ్వులాంటి వెన్నెల, దసరా. ఆకు రాలడం శరత్తు లక్షణం కాదు. అది మాఘ ఫాల్గుణాల్లో వచ్చే శిశిరానిది. తెలంగాణ అడవుల్లో మోదుగ ఆకంతా రాల్చుకుని కొమ్మ కొసన నిప్పులు పూసేది అప్పుడే. పంట ఇంటికి చేరేది సంక్రాంతికి, అంటే హేమంతం చివర. కనుక ఇక్కడ అక్టోబరు నెలలో కిటికీలోంచి చూస్తే కాలం దసరాది, కోత సంక్రాంతిది, చెట్టు శిశిరానిది. మూడు ఋతువులు ఒక్క నెలలో కుక్కి పెట్టారు. శరత్తు అని రాసే కవులు మన సంచికల్లో ఉన్నారు, శిశిరం అని రాసేవారూ ఉన్నారు. ఇద్దరూ సగం సగం ఒప్పే. మేము ఆకురాలు కాలం అనే అంటున్నాం.

ఆ మాటకొస్తే కోస్తా జిల్లాలవారికి ఈ రోజులు హాయిగొలిపే రోజులే కావు. అక్టోబరు, నవంబరు అంటే తుపానుల నెలలు. వరి పొట్ట మీదనో, కోత మీదనో ఉండగా బంగాళాఖాతంలో వాయుగుండం పడిందని రేడియో చెబితే పెద్దవాళ్ళ ముఖాలు ఎలా ఉండేవో మాలో కొందరికి జ్ఞాపకం. 1977 నవంబరు 19న దివిసీమను ఉప్పెన ముంచెత్తింది ఆ రోజుల్లోనే. వేలమంది పోయారు. ఆ ఏడే మే నెలలో న్యూయార్కులో ఉత్తర అమెరికా తెలుగువారి మొదటి మహాసభలు జరిగాయి. సభలు ముగిసి ఆరు నెలలు తిరిగేసరికి ఆ వార్త. ఆ తరంవారికి ఆకురాలు కాలం అంటే ఎర్రటి చెట్లు ఒక పక్కా, కలవని ట్రంకు కాలు ఒక పక్కా.

గుమ్మడికాయకు వస్తే మాత్రం ఇక్కడివారూ మనవారూ చుట్టాలే. మనం కొత్త ఇంటి గుమ్మానికి బూడిదగుమ్మడికాయ కడతాం, దిష్టి తగలకుండా. వీరు గుమ్మం ముందు గుమ్మడికాయకు కళ్ళూ పళ్ళూ చెక్కి దీపం పెడతారు. ఐర్లండులో టర్నిప్ దుంపలకు చెక్కే ఆచారం ఇక్కడికొచ్చి పెద్దకాయ దొరికాక దానికి మారింది, దుష్టశక్తులు దరిచేరకూడదన్నదే దాని వెనకటి కథ కూడా. దేశంలోకెల్లా గుమ్మడి ఎక్కువగా పండేది ఇల్లినాయ్ రాష్ట్రంలో. మన ఇళ్ళలో అది పులుసులోకి వెళుతుంది, వీరి ఇళ్ళలో పై అనే తీపి వంటకంలోకి. 2003 నుంచి కాఫీలోకి కూడా వెళుతోంది.

ఇటువంటి చిత్రాలను వర్ణించడానికి ఇంగ్లీషువారు వాడే మాట 'కోజీ'. మేము నాలుగు నిఘంటువులు తిరగేసినా దానికి తెలుగు దొరకలేదు. ఎందుకు దొరకదో ఆలోచిస్తే అర్థమైంది. మన భాషలో ప్రేమ చల్లనిది. చల్లగా బతకమని దీవిస్తాం, చల్లని తల్లి అంటాం, బిడ్డను చూస్తే కడుపు చల్లబడుతుంది. వేడి అంటే కోపం, కడుపు మంట, వడదెబ్బ. ఇక్కడివారికి ప్రేమ వెచ్చనిది. స్వాగతం వెచ్చగా ఉంటుంది, చల్లటి మనిషి అంటే తిట్టు. ఎండదేశపు భాషతో వచ్చి మంచుదేశంలో కాపురం పెట్టాక మనలో ఏదో మెల్లగా తిరగబడింది. అమ్మకు ఫోనులో చల్లగా ఉండమని చెబుతాం, పిల్లలకు కోటు బొత్తాలు పెట్టుకోమని చెబుతాం. దుప్పటి కప్పుకుని టీ కప్పు చేత్తో పట్టుకుని వెచ్చటి బొమ్మ చూడాలనిపించడం మనకు పుట్టుకతో వచ్చిన కోరిక కాదు, ఇక్కడ నేర్చుకున్నది. నేర్చుకున్నదైనా నిజమైన కోరికే.

ఇక మా బృందంలో ఒకరి అత్తగారి సంగతి చెప్పకపోతే అన్యాయం. ఆవిడ వేసవిలో వచ్చారు. విజిటరు వీసా మీద వచ్చే పెద్దలకు సాధారణంగా దొరికేది ఆరు నెలలు కదా, అక్టోబరు ఆఖరుకు ప్రయాణం. ఇంగ్లీషు రాదు. అయినా మా అందరికన్నా శ్రద్ధగా చూశారు. మూడు చిత్రాలు చూశాక కోడలితో అన్నారు: "ఊళ్ళో ఇంతమంది ఉన్నారు, అందరూ నవ్వుతూ పలకరిస్తారు. ఒక్కళ్ళయినా ఆ అబ్బాయి ఎవరి తాలూకు అని అడగరేమే?"

మేము పగలబడి నవ్వాం. ఇంటికి వెళ్ళాక నవ్వు ఆగింది. ఆవిడ పట్టుకున్నది ఆ కథల గుట్టు. ఈ ఊళ్ళలో అందరికీ అందరూ తెలుసు, కాని ఎవరూ ఎవరినీ ఆపరు. అమ్మాయికి తల్లో తండ్రో ఒకరు పోయి ఉంటారు. ఉన్నవారు చివరిదాకా తల ఊపుతూనే ఉంటారు. 'హార్వెస్ట్ లవ్' నాయిక భర్త పోయిన మనిషి, కొడుకున్న తల్లి. తోట చూసుకునే అబ్బాయిని ఇష్టపడుతుంది. ఆమెకు అడ్డు ఆమె దుఃఖం ఒక్కటే. లోకం అడ్డు కాదు. వీరేశలింగం పంతులుగారు 1881 డిసెంబరు 11న రాజమహేంద్రవరంలో మొదటి వితంతు వివాహం జరిపించడానికి ఎన్ని వెలివేతలు, ఎన్ని రాళ్ళదెబ్బలు ఎదుర్కోవలసి వచ్చిందో తెలిసిన మనకు ఆ బేరిపండ్ల తోట కాస్త వింతగానే ఉంటుంది. వింతగా ఉందంటే తప్పుగా ఉందని కాదు. మనవాళ్ళు రాళ్ళదెబ్బలు తిన్నది బహుశా అటువంటి తోట కోసమే.

అమెరికాలో తెలుగు ప్రేమకథ మనకు లేకపోలేదు. 1987లో జంధ్యాల గారి 'పడమటి సంధ్యారాగం' వచ్చింది. ఇక్కడ స్థిరపడిన తెలుగింటి అమ్మాయి సంధ్యగా విజయశాంతి, ఆమె ప్రేమించిన క్రిస్ అనే అమెరికన్ కుర్రవాడుగా అప్పటికి ఇరవై నిండని టామ్ జేన్. ఆ కుర్రవాడే తరువాత థామస్ జేన్ పేరుతో హాలీవుడ్‌లో నాయకుడయ్యాడు. తొలి చిత్రం తెలుగుదని ఇక్కడివారికి చెబితే నమ్మరు. ఆ చిత్రంలో ఆ అత్తగారి ప్రశ్న అడిగే మనిషి ఉన్నాడు. గుమ్మలూరి శాస్త్రిగారు వేసిన తండ్రి పాత్ర నిలువెల్లా ఆ ప్రశ్నే. అతడు దుర్మార్గుడు కాడు, భయపడ్డ మనిషి. మన కథలో బరువంతా అతని మీద ఉంది. హాల్‌మార్క్ కథల్లో అతడే లేడు. అతడు లేకపోవడమే ఆ చిత్రాల హాయి, ఆ చిత్రాల లోటు కూడా.

ఈ మధ్య వారికీ మనం కనిపించడం మొదలైంది. 2023లో అదే ఛానెల్‌లో 'మేక్ మీ ఎ మ్యాచ్' అనే చిత్రం వచ్చింది. ఆకురాలు కాలానిది కాదు, అయినా చెప్పుకోవాలి. సంబంధాలు కలిపే ఫోను యాప్ కంపెనీలో పనిచేసే తెల్ల అమ్మాయి పెళ్ళిళ్ళు కుదిర్చే భారతీయ స్త్రీ దగ్గరకు వెళుతుంది, చివరకు ఆమె కొడుకునే ఇష్టపడుతుంది. ఆ కొడుకు వేషం రుషి కోటా అనే నటుడిది. ఆ తల్లి వృత్తే 'ఎవరి తాలూకు' అని అడగడం. దాన్ని వాళ్ళు వేళాకోళం చేయకుండా ఒక విద్యలాగ చూపారు, అందుకు సంతోషం. అయితే అమ్మాయి పరాయిది అన్న ముల్లు ఎక్కడా గుచ్చుకోనివ్వలేదు. మాలో ఆడవాళ్ళు అది మంచిదేనన్నారు, మగవాళ్ళు నమ్మలేమన్నారు. అనుభవంలో ఎవరు ఎక్కువ వాదించారో ఊహించుకోండి.

ఇంకొక లోటు కూడా ఉంది. దాన్ని తొందరగా చెప్పి దాటుతాం. ఆ తోటల్లో పండ్లు కోసేదెవరు? న్యూయార్కు, న్యూ ఇంగ్లండు ఆపిల్ తోటల్లో జమైకా నుంచి, మెక్సికో నుంచి ఏటా తాత్కాలిక వీసా మీద వచ్చి, కోత ముగిశాక వెళ్ళిపోయే కూలీలు. చిత్రంలో వారి నీడ కూడా పడదు. నాయిక ఒక పండు కోసి నాయకుడికి ఇస్తుంది, అక్కడికి కోత అయిపోయింది. వీసా మీద వచ్చి పనిచేసి గడువు లెక్కపెట్టుకునే బతుకు మనలో ఎంతమందికి తెలియదు? హెచ్ తరవాత ఏ అంకె వేస్తారన్నదే తేడా.

అయినా మేము చూడడం మానలేదు. ఎందుకు మానలేదన్నదే అసలు సంగతి. ఈ కథల్లో మమ్మల్ని పట్టి కూర్చోబెట్టింది అబ్బాయీ కాదు, అమ్మాయీ కాదు, ఇల్లు. ఆమె ఎన్నేళ్ళకు తిరిగి వచ్చినా ఆ ఇల్లు అలాగే ఉంటుంది. మేడ మీద తన గది, గోడ మీద చిన్నప్పటి బొమ్మ, వంటింట్లో ఎవరో ఒకరు ఓవెన్ దగ్గర. మనకు అటువంటి ఇల్లు ఎక్కడుంది? అరుగులున్న మన ఇళ్ళు చాలామటుకు డెవలప్‌మెంటుకు ఇచ్చేశాం. వేపచెట్టు ఉన్నచోట ఇప్పుడు సెల్లారు, దాని మీద అయిదు అంతస్తులు. మన వాటాకు వచ్చింది రెండు ఫ్లాట్లు, ఒకటి అద్దెకిచ్చాం, ఒకటి తాళం వేసి ఉంచాం. మేగీకి సగం మిఠాయి కొట్టు వచ్చింది, దానితో పాటు ఒక ఊరు వచ్చింది. మనకు వచ్చింది చదరపు అడుగులు.

మన పిల్లలకు? వారి స్వస్థలం తెనాలీ కాదు, వరంగల్లూ కాదు. పిల్లలు పట్నాలకు వెళ్ళాక వెనక్కి వచ్చే చిన్న ఊరు అంటూ ఏదైనా ఉంటే అది మన న్యూజెర్సీ, ఒహైయో, టెక్సస్ శివారుల్లో రెండు కార్ల గరాజు ఉన్న ఈ ఇళ్ళే. తంగేడు దొరకక చామంతులతో బతుకమ్మ పేర్చిన ఈ వాకిళ్ళే. ఆ చిత్రాల్లో ఓవెన్ దగ్గర నిలబడే ముసలి మనిషి వేషం మన కోసం ఖాళీగా ఉంది. అందుకు మనం తయారుగా ఉన్నామా అన్న దగ్గర మా బృందం రెండుగా చీలింది.

మాలో ఒక దంపతులు ఈ ఏడు ఇల్లు అమ్మకానికి పెట్టారు. కూతురు సియాటిల్ నుంచి ఫోను చేసి "నా గది కూడానా?" అని అడిగిందట. తల్లి చెప్పిన సమాధానం న్యాయమైనదే: "నీ గదికి వెళ్ళాలంటే పదిహేను మెట్లున్నాయమ్మా, నా మోకాళ్ళు ఎక్కనివ్వడం లేదు." మంచు తవ్వడం, ఇంటి పన్ను, ఏడాదికి నాలుగు రోజులు ఉండిపోయే పిల్లల కోసం నాలుగు పడకగదులు వేడిచేయడం, ఇవేవీ ఏ చిత్రంలోనూ రావు. ఇల్లంటే గోడలు కాదు, కాండోలో కూడా పండుగ చేసుకోవచ్చని ఆ దంపతుల పక్షం. గోడ మీద పిల్లవాడి ఎత్తు పెన్సిలుతో గీసిన గీతలు కాండోకి రావని రెండో పక్షం. ఈ తగాదా ఈనాటికీ తెగలేదు.

ఇంటికన్నా పెద్ద సంగతి ఇంకొకటి ఉంది. మేము ఎరిగిన ఒక ఇంట్లో ఇల్లు ఉంది, మెట్లు ఎక్కగల మోకాళ్ళు ఉన్నాయి, వంటింట్లో బొబ్బట్లు ఉన్నాయి. కొడుకు ఒక అమ్మాయి పేరు చెప్పాడు. ఆ అమ్మాయీ తెలుగు పిల్లే. అత్తగారి ప్రశ్న అక్కడ నిజంగానే అడిగారు, ఎవరి తాలూకు అని. ఊరి పేరు తెలుసుకోవడానికి కాదు, కులం తెలుసుకోవడానికి. మూడు దసరాలు ఆ కొడుకు ఇంటికి రాలేదు. నాలుగో ఏడు తల్లి ఒక్కతే విమానమెక్కి వాళ్ళ దగ్గరకు వెళ్ళి వారం రోజులుండి వచ్చింది. కోడలు చేసిన గుమ్మడికాయ పులుసు బాగుందని మాతో అంది, ఇంకేమీ అనలేదు. తండ్రి ఇంకా వెళ్ళలేదు. ఈ అక్టోబరులో వెళతాడని విన్నాం, టిక్కెట్టు కొన్నాడని కూడా విన్నాం.

ఆ ప్రశ్న పూర్తిగా పోవాలని మేము అనడం లేదు. ఎవరమ్మాయివి, మీ అమ్మ ఏం చేస్తుంది, మీ తాతగారిది ఏ ఊరు అని అడిగేవారు లేని ఊరు తెర మీది ఊరులాగ అందంగా, అట్టతో కట్టినట్టుగా ఉంటుంది. జవాబు ఏదైనా సరే లోపలికి రమ్మనేటట్టు ఆ ప్రశ్న అడగడం మనకు చేతనవుతుందా అన్నదే మాకు తేలలేదు. అత్తగారిని విమానం ఎక్కించేటప్పుడు ఈ సంగతి కదిపితే ఆవిడ, "అడగడం నా పని, విన్నాక మంచినీళ్ళివ్వడం కూడా నా పనే" అని చక్రాల కుర్చీలో సర్దుకుని కూర్చున్నారు.

అధ్యక్షులవారు గడియారం చూస్తున్నారు, పక్క హాలులోంచి సాంబారు వాసన వస్తోంది. మేము చూసిన చిత్రాల పట్టిక కావలసినవారు భోజనాల దగ్గర మమ్మల్ని అడగండి. మొదట 'స్వీట్ ఆటమ్' చూడమని మా సలహా; ఆంటీ మేనత్తా కాదా మీరే తేల్చండి. ఈ ప్రసంగానికి ఇంతటితో గుమ్మడికాయ కొట్టేస్తున్నాం.